నూట ఎనభై వోల్టులకు దిగువన

సంతలో చింతపండు అమ్మే బుధ్రాం తక్కెడ కింద పెట్టి, ఎటో చూస్తూ అన్నాడు. “అన్నా, చివరి క్వార్టర్ల హీటర్ కాలిపోయిందంట. జల్దీ పో.”

గవర్రాజు చేతిలో పట్టకారు ఆగిపోయింది. కిరండూల్ కాలనీలో హీటర్లు బాగుచేసే మెకానిక్‌గా మూడు నెలల నుంచి వేషం వేస్తున్నాడు. అసలు ఉద్యోగం ఏమిటో ఢిల్లీలో ఒకే ఒక్క ఆఫీసుకు తెలుసు. హీటర్ కాలిపోయిందన్నది అతనికి వార్తలు మోసే బుధ్రాం వాడే కోడ్. తను వెంటాడుతున్న విదేశీ ముఠా ఆపరేషన్ ఇవాళే!

“టార్గెట్?”

“రైలు. విశాఖ నుంచి వచ్చే పాసింజర్. గీడికెళ్లి లోడు గూడ్స్ ఎదురు పోతది. లైను ఒక్కటే.”

ఆ పాసింజర్‌లో గవర్రాజు కూతురు అమ్ము ఉంది. పరీక్షలయ్యాయి, వచ్చేస్తున్నానని పొద్దున ఫోన్ చేసింది. వద్దంటే వినలేదు. మొండితనంలో అచ్చం తండ్రి పోలికే.

చొక్కా గుండీలోని ట్రాన్స్‌మిటర్ నొక్కాడు. గురగుర తప్ప ఏమీ లేదు. ఫోనూ మూగబోయింది, ముఠా జామర్ పెట్టినట్టుంది. బుధ్రాంని స్టేషన్‌కి తరిమి, తను ముఠా మకాం ఉన్న చివరి క్వార్టర్ వైపు పరుగెత్తాడు. అప్పటికే కొండ మీద గూడ్స్ కూత వేసింది. బుధ్రాం సమయానికి చేరలేడని ఇద్దరికీ తెలుసు.

క్వార్టర్‌కి ఉక్కు తలుపు. లోపల ఏదో యంత్రం రొద పెడుతోంది. కిటికీ ఊచలకు సంకెళ్లతో పూనం! ముఠా నాయకుడి సెక్రటరీ. పట్టుచీర, ఖరీదైన సెంటు, చూసినవాడికి మతి పోగొట్టే నవ్వు. రెండు పక్షాల ఉప్పూ తినే డబుల్ ఏజెంట్. ఇప్పటికి రెండుసార్లు గవర్రాజుకి తప్పుడు సమాచారం అందించి నిలువునా ముంచింది.

“నన్ను కనిపెట్టేశారు. బాస్ జీపెక్కి పారిపోయాడు” అంది. “ఈ యంత్రం గూడ్స్‌కి ఎర్ర సిగ్నల్ బదులు పచ్చ చూపిస్తోంది.”

గవర్రాజు కటింగ్ ప్లయర్ తీసి సర్వీసు వైరు అందుకున్నాడు.

“కొయ్యకు!” పూనం కేక పెట్టింది. “కరెంటు పూర్తిగా పోతే బ్యాటరీ అందుకుంటుంది. ఇక ఎవరూ ఆపలేరు. తగ్గితే మాత్రం దానికి తెలీదు. ఏడువందల వాట్ల కంటే దిగిందంటే సిగ్నల్ దాని చెయ్యి జారిపోతుంది.”

“ఇప్పుడెంత లాగుతోంది?”

“పదకొండు వందల యాభై.”

నమ్మడమెలా? కరెంటు కొలిచే టాంగ్ టెస్టర్ దవడలు తెరిచి వైరు చుట్టూ మూశాడు. ఐదు ఆంపియర్లు. బయటి మీటరు బోర్డు దగ్గర వోల్టేజీ చూశాడు. రెండువందల ముప్పై. రెండూ హెచ్చవేస్తే సరిగ్గా పదకొండు వందల యాభై.

“మొదటిసారి నిజం చెప్పావు” అన్నాడు.

వోల్టేజీని కరెంటుతో భాగించాడు. నలభై ఆరు ఓములు. యంత్రం రెసిస్టెన్స్ అది. అది మారదు. మారాల్సింది వోల్టేజీ. నూట ఎనభైకి పడితే కరెంటు నాలుగు ఆంపియర్లకు లోపే, పవర్ ఏడువందల నాలుగు వాట్లు. ఆపైన ఇంకొక్క పిసరు దిగితే చాలు!

మామూలుగా ఈ వేళకు కాలనీ అంతా హీటర్ల మీద వంట మొదలుపెడుతుంది, బల్బులు దీపాల్లా కునుకుతాయి. ఇవాళ నిండు వోల్టేజీ ఎందుకుంది? నిన్న గోడ మీద వెలిసిన ‘హీటర్ చెకింగ్’ నోటీసు గుర్తొచ్చింది. జనం జరిమానాకి భయపడి హీటర్లన్నీ మంచాల కిందికి తోసేశారు. ఆ నోటీసు అంటించింది ముఠాయే!

పక్కింటి అప్పలకొండమ్మ గుమ్మంలోకి దూకాడు. “హీటర్ పెట్టండమ్మా! అందరికీ చెప్పండి!”

“ఏటి బాబూ, చెకింగుంది కదా. నువ్వూ ఆళ్ల మనిషివేటి? పట్టిచ్చీడానికొచ్చినావా?”

ఇరవై ఏళ్ల సర్వీసులో ఎన్నడూ నోరు జారని మనిషి. వేషం, ప్రమాణం అన్నీ గాలికి వదిలేశాడు. “నా కూతురు ఇప్పుడొచ్చే రైల్లో ఉందమ్మా. వోల్టేజీ పడకపోతే నా బిడ్డ బతకదు!” అని చేతులు జోడించి భోరుమన్నాడు.

అప్పలకొండమ్మ ఎందుకని అడగలేదు. స్టీలు పళ్లెం గరిటెతో మోగిస్తూ వీధిలోకి వచ్చింది. “ఓలమ్మా! అందరూ హీటర్లు బయటకి తియ్యండే! చెకింగోడొస్తే నా పేరు సెప్పండి!”

మంచాలు జరిగాయి. కాయిళ్లు ఎర్రబడ్డాయి. గవర్రాజు తిరిగొచ్చి మీటరుకి కళ్లప్పగించాడు. రెండువందల పది. నూట తొంభై. కొండ వాలులో గూడ్స్ ఇంజను కనిపించింది. దూరంగా మలుపులో పాసింజర్ దీపం. సిగ్నల్ ఇంకా పచ్చగానే ఉంది.

నూట ఎనభై నాలుగు దగ్గర ముల్లు మొండికేసింది.

“ఇంకా పెట్టండి!”

ఎవరో ఇస్త్రీ పెట్టె పెట్టారు. ఎవరో గీజరు వేశారు. స్తంభం మీద ట్రాన్స్‌ఫార్మర్ మూలిగింది, కాలిన నూనె వాసన గుప్పుమంది. ఫ్యూజు పోతే కరెంటు మొత్తం పోతుంది, బ్యాటరీ అందుకుంటుంది. అమ్ము దక్కదు.

నూట డెబ్బై ఆరు. ఆరువందల డెబ్బై మూడు వాట్లు.

“చాలు! ఇంకొక్కటి కూడా వద్దు!”

సిగ్నల్ రెపరెపలాడి ఎర్రబడింది. బ్రేకుల రాపిడికి కొండంతా కీచుమంది. గూడ్స్ ఇంజను సిగ్నల్ స్తంభానికి మూరెడు ఇవతల నిలబడింది. గవర్రాజు అక్కడే నేల మీద కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ముఠా నాయకుడు పక్క ఊరు బచేలి గేటు దగ్గర పోలీసులకు దొరికాడు. పూనం సంకెళ్లు మాత్రం గవర్రాజు విప్పలేదు. ఆమె నిజం చెప్పింది ఒక్కసారే మరి.

గంట ఆలస్యంగా దిగిన అమ్ము మొహం మాడ్చుకుని ఉంది. “ఏంటి నాన్నా ఈ రైలు! దారిలో గంటసేపు ఆపేశారు. ఎందుకట?”

“ఊళ్లో వోల్టేజీ పడిపోయిందమ్మా.”

“ఇంత పెద్ద మెకానిక్‌వి ఇక్కడే ఉన్నావుగా! బాగుచెయ్యలేకపోయావా?”

“నా వల్ల కాలేదమ్మా” అన్నాడు గవర్రాజు, ఆమె చెయ్యి వదలకుండా.