పద్నాలుగో నంబరు మడి

"నా మడిలో కూరంతా ఎవరు పీకేశారు?"

ఆ గొంతు వినగానే నా చేతిలో నీళ్ల పైపు జారిపోయింది. మాస్కు పైన ఉన్న ఆ కళ్లు నాకు తెలుసు. మే నెలలో గేటు దగ్గర ఒక్కసారి ఎదురయ్యాయి. అప్పటినుంచి నా బుర్ర నా మాట వినడం మానేసింది.

మా షికాగో పిల్సెన్ పేటలో తలా ఒక మడి ఇచ్చే ఉమ్మడి తోట ఉంది; కరోనా వచ్చాక అందులో కొత్త రూలు పెట్టారు. సరి నంబరు మళ్లవాళ్లు సరి తేదీల్లో, బేసివాళ్లు బేసి తేదీల్లో రావాలి. నాది పదమూడు, ఆమెది పద్నాలుగు; అరసెలి అన్న పేరు కూడా ఆ మడి పలక మీద చదివిందే. పక్కపక్కనే ఉన్నా కలిసే యోగం లేదు. ఇవాళ తనిఖీ కాబట్టి అందరినీ రమ్మన్నారు.

"నేనేనండీ, విటెక్‌ని," అన్నాను గర్వంగా. నా తెలివికి దండం పెట్టాలి. "మూడు వారాలుగా మీరు రాలేదు. పిచ్చిమొక్కలు చూస్తే మడి లాగేసుకుంటారని మొన్న శుభ్రం చేశాను."

"పిచ్చిమొక్కలా? అది గంగవావిలి కూరయ్యా మహానుభావా! మా అమ్మమ్మ మెక్సికో నుంచి తెచ్చిన విత్తనం. మీ ఇంట్లో ఆకుకూర ఎప్పుడూ వండలేదా?"

"మేం పోలిష్ వాళ్లం... క్యాబేజీ, బంగాళాదుంపలు..."

"చాలు! ఇప్పుడు నా మడి ఖాళీ. ఖాళీ మడిని ఏం చేస్తారో తెలుసా?"

తెలుసు. తనిఖీ రోజున ఖాళీగా ఉంటే వెయిటింగ్ లిస్టులో తర్వాతివాళ్లకి ఇచ్చేస్తారు. నలభై మంది కాచుకుని ఉన్నారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

అరసెలి మట్టిలో అలాగే కూలబడింది.

"కరోనా వార్డులో నర్సుని నేను. మూడు వారాలుగా సెలవు లేదు. అక్కడ ఏడవడానికి కూడా టైముండదు. ఎప్పటికైనా ఇక్కడ చెప్పులు విప్పి పావుగంట నిలబడొచ్చన్న ఆశతోనే రోజూ వెళ్లగలుగుతున్నాను. ఇది కూడా పోతే నేనేమైపోవాలి?"

నన్ను నేనే చెంప మీద కొట్టుకోవాలనిపించింది.

"పీకినవన్నీ ఎరువు గుట్ట మీదే ఉన్నాయి," అన్నాను.

ఆమె తలెత్తింది. "అవి రెండు రోజులకే చావవు. చూస్తావేం? పరిగెత్తు!"

పరిగెత్తాను. దొరికినవన్నీ చొక్కాలో పోసుకుని తెచ్చాను. ఆ చివర ఆమె, ఈ చివర నేను నాటుతున్నాం. సగం కూడా కాకముందే తోట పెద్ద మిస్ బర్నడీన్ పుస్తకం పట్టుకుని వచ్చేసింది.

"ఇదేంటి తల్లీ? వడిలిన మొక్కలు మట్టిలో గుచ్చి నా కళ్లకి గంతలు కడదామనా? ఇది ఖాళీ మడి కిందే లెక్క."

"పీకింది నేను," అన్నాను. "శిక్ష నాకెయ్యండి. ఆమె మడి వదిలేసి నాది తీసుకోండి."

"ఆలోచించే అంటున్నావా అబ్బాయ్? మళ్లీ మడి రావాలంటే మూడేళ్లు పడుతుంది."

"ఆలోచిస్తే అనలేనండీ. ఆమె రేపు వార్డుకి వెళ్లాలి."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, పదమూడో నంబరు పక్కన నా పేరు కొట్టేసింది. నా టమాటాలు అప్పుడే రంగు తిరుగుతున్నాయి. బాధేసింది, అబద్ధం ఎందుకు?

"మిస్ బర్నడీన్," అంది అరసెలి. "నా మడి కార్డు మీద సహాయకుడి పేరు రాసుకోవచ్చు కదా? విటెక్ అని రాయండి."

"మడి వెడల్పు నాలుగడుగులు. మనిషికీ మనిషికీ ఆరడుగులుండాలి. ఒకే ఇంటివాళ్లయితేనే ఇద్దరినీ రానిస్తాను. మీరిద్దరూ ఒకే ఇంటివాళ్లా?"

నేను నోరు తెరిచేలోపే అరసెలి అంది, "ఇంకా కాదు."

బర్నడీన్ పెన్ను ఆగింది. మాస్కు వెనక నవ్విందో లేదో తెలియదు గానీ, నా పేరు మాత్రం రాసింది. "అందాకా ఒకరు మడిలో, ఒకరు కంచె బయట," అని పక్క మడికి వెళ్లిపోయింది.

నేను కంచె బయట నిలబడ్డాను. "నువ్వంటే నాకిష్టం," అన్నాను.

"ఏంటీ? మాస్కులోంచి వినపడట్లేదు!"

"నువ్వంటే నాకు చాలా ఇష్టం!" అని అరిచాను. తోటంతా పని ఆపి మా వైపు చూసింది.

అరసెలి మొక్క చుట్టూ మట్టి నొక్కుతూ, తలెత్తకుండానే అంది, "మొదటిసారే వినపడింది."