రెండో అంచు

“ఇది మా అవ్వ చీర కాదంట.”

ఆదోని నుంచి ఎమ్మిగనూరు బస్సులో వచ్చిన రజిని, అక్కడ నేసి పంపిన కొత్త చీరను కవర్లోంచి తీసి మగ్గం పక్కన పెట్టింది. ఆమె ఆదోనిలో టీచరు. మూడు నెలల కిందట వానలో వచ్చి, వాళ్ళవ్వ హులిగమ్మ పెళ్ళినాటి చీర చూపించి, అచ్చం అలాంటిదే నేసిమ్మంది. పాతది పోగులూడిపోతోంది. అవ్వకు చూపు ఆనదు, అయినా దాన్ని తడుముకోనిదే పడుకోదు. అందుకే చీర వదిలి వెళ్ళలేక, ఫొటో అయినా తీసుకోండి అంది రజిని.

నేతగాడు తిప్పేస్వామి అప్పుడు నవ్వేశాడు. పన్నెండేళ్ళుగా నేస్తున్నవాడికి ఫొటో ఎందుకు?

ఈ మూడు నెలలూ అతను చీర కంటే ఆమెనే ఎక్కువ తలుచుకున్నాడు. ఆ సంగతి వాళ్ళమ్మ గౌరమ్మ ఎప్పుడో కనిపెట్టింది.

“యాడ తప్పినాను మేడమ్?”

“ఒక పక్క తడిమి సరే అనింది. ఇంగో పక్క తడిమి, నాది కాదు తీస్కపో అనింది. అవ్వ చీరకు అంచు ఒక పక్కే.”

“రెండు పక్కలా ఉండింది. నా కండ్లతో చూసినా.”

రజిని బ్యాగులోంచి పాత చీర తీసి పరిచింది. ఒక పక్క ఎర్రంచు. రెండో పక్క ఏమీ లేదు.

“అవ్వే నేసుకునింది. ఎర్ర నూలు చాల్లేదంట.”

తిప్పేస్వామికి తల కొట్టేసినట్టయింది. తను చూసింది ఒక అంచే. చీరంటే రెండంచులని ఇన్నేళ్ళ అలవాటు రెండోదాన్ని తెచ్చి కలిపింది.

“నన్ను చూసిన రోజు మొత్తం గుర్తుందని ఫోన్లో అంటిరే,” అంది రజిని మెల్లగా. “అదీ ఇట్లాంటిదేనా?”

అతను వాకిలి వైపు చూపించాడు.

“వానలో ఎవరైనా గొడుగు తలకు పట్టుకుంటారు. మీరు చీర మూటకు పట్టి, తడిసి ముద్దయి వచ్చిరి. అట్లా వచ్చినోళ్ళను నేను యాడా చూడలేదు. అది నేను కల్పించుకోలేను.”

రజిని ముఖం తిప్పుకుంది. మాట మార్చడానికి, “ఆ పొద్దు పెద్దమ్మ ఇచ్చిన టీ తాగినాకే వణుకు తగ్గింది,” అంది.

“టీ యాడిది పాపా,” అంది గౌరమ్మ వంటింట్లోంచి. “పాలు ఇరిగిపోయి, వట్టి ఉడుకునీళ్ళే ఇచ్చినా, సిగ్గుపడుకుంటా.”

రజిని తెల్లబోయింది. ఆమెకు ఆ టీలోని అల్లం రుచి కూడా గుర్తుంది మరి. ముందు తిప్పేస్వామి నవ్వాడు, ఆపుకోలేక ఆమె కూడా నవ్వింది.

“మనిద్దరిదీ ఒకటే రోగం,” అంది రజిని.

“మీరంటే నాకిష్టం మేడమ్,” అన్నాడతను. “ఇది అలవాటు మీద చెప్తాండేది కాదు. ఇదే మొదటిసారి.”

రజిని పాత చీరను చాలాసేపు మడత పెట్టింది.

“ఒక్క అంచుతో ఇంగోటి నెయ్యండి. ఇది ఈడ వదిలిపెట్టలేను, అవ్వకు కావాల. ప్రతి ఆదివారం తెచ్చి చూపిస్తా. మీ గుర్తును నమ్మేదానికి లేదు.”

“తొందరేం లేదు నాయనా, మెల్లగా నెయ్యి,” అంది గౌరమ్మ, ఈసారి నిజంగానే టీ గ్లాసులు పట్టుకొని వస్తూ.