పేరు చెప్పని గొంతు

ఆ ఐసు ఫ్యాక్టరీ ముందు నుంచి రాత్రి పూట వెళ్లేటప్పుడు బోటులో సెట్టు కట్టెయ్యాలి, అంటే స్విచ్చి ఆపెయ్యాలి. ఇది సర్కారు పెట్టిన రూలు కాదు. వేటకెళ్లేవాళ్లు తమకు తాము పెట్టుకున్నది.

సెట్టంటే వైర్‌లెస్ సెట్టు. మీట నొక్కితే మన మాట వెళ్తుంది, వదిలితే అవతలి మాట వస్తుంది. “చేప పడిందా”, “కూరేటి” అని బోటుకీ బోటుకీ మధ్య రాత్రంతా నడిచే కబుర్లన్నీ దాంట్లోనే. శ్రీకాకుళం తీరంలో పాడుబడిపోయిన ఆ ఫ్యాక్టరీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం... ఆ కబుర్ల మధ్య ఓ ఆడగొంతు దూరేది.

“నానే... ఇనబడతన్నాదా?”

అంతే. పేరు చెప్పదు. ఊరు చెప్పదు. కాసేపు ఆగి మళ్లీ అదే మాట.

సముద్రం మీద రాత్రి పూట పేరు చెప్పని గొంతుకి పలక్కూడదు. పలికినవాణ్ణి తోడు తీసుకుపోతుందని అక్కడి పెద్దల నమ్మకం. అందుకని ఫ్యాక్టరీ గోడ కనబడగానే ప్రతి బోటులోనూ టక్కున సెట్టు కట్టేసేవాళ్లు, దాటాక పెట్టుకునేవాళ్లు. ఇది 2016 జనవరి నాటి మాట.

నాకు చెప్పింది అప్పలసూరి. మా ఆర్కెస్ట్రాలో గిటారు వాడిది, డ్రమ్ ప్యాడ్స్ నావి. ఓ ప్రోగ్రాం నుంచి వ్యానులో తిరిగొస్తూ చెప్పాడు. వాడు అబద్ధాలాడడా అంటే ఆడతాడు, బ్రహ్మాండంగా ఆడతాడు. కానీ ఆడేటప్పుడు మన మొహం చూసి ఆడతాడు. ఆ రోజు మాత్రం మొదటి నుంచి చివరి దాకా కిటికీలోంచి బయటికే చూస్తూ చెప్పాడు.

అసలు గొడవ గిటారుతో మొదలైంది. పాట లేనప్పుడు కూడా వాడి స్పీకరు జుమ్మని మోగుతూ ఉండేది, తేనెటీగల తుట్టె దగ్గర నిలబడ్డట్టు. మా ఆర్కెస్ట్రా యజమాని భీమశంకరరావు గారిది బట్టల కొట్టు. ఆయనకి రాగం తెలీదు, రొద మాత్రం బాగా తెలుసు.

“సూరీ, రథసప్తమికి అరసవల్లిలో ప్రోగ్రాం ఉన్నాది. ఆ జుమ్మనేది అప్పటికి పోవాలి. పోకపోతే నీ బిట్లు కూడా కీబోర్డు మీదే వాయించేస్తారు, నువ్వు రానక్కర్లేదు” అన్నాడు.

అప్పలసూరికి అమ్మా నాన్నా లేరు. పెళ్లి లేదు. అరసవల్లిలో ఓ లాడ్జి వెనక గదిలో ఒక్కడూ ఉంటాడు. మాతో రిహార్సల్‌కి వచ్చిన రోజు మాట్లాడతాడు, రాని రోజు వాడితో మాట్లాడే మనిషి లేడు. ఈ గిటారు పోతే వాడికి ఇక ఎవరూ లేనట్టే. మేం వాణ్ణి ఎంత ఏడిపించినా రోజూ అందరికంటే ముందొచ్చి కూర్చునేది అందుకే.

మర్నాడే మెకానిక్ జగన్నాధం దగ్గరికి పరిగెత్తాడు. జగన్నాధం గిటారు మూత విప్పి, తీగల కింద ఉండే పికప్‌ని చూపించాడు. అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది. గిటారు తీగ ఊగితే దాన్ని పట్టి స్పీకరుకి పంపేది అదే.

“దీని పని పట్టుకోడం. కానీ నీ పాటొక్కటే పట్టుకోదు, గాల్లో ఏటుంటే అది పట్టుకుంటాది” అని, సొరుగులోంచి కొత్తవి రెండు తీసి బల్ల మీద పెట్టాడు. “ఇది నీ పాతదాన్లాగే ఒంటి చుట్ట. గొంతు సన్నగా, తేటగా ఉంటాది. ఇది జంట చుట్టలది, హంబకర్ అంటారు. ఒక చుట్ట పట్టిన రొదని రెండోది కొట్టేస్తాది. గొంతు కాస్త బొద్దు, కానీ రొద ఉండదు.”

అప్పలసూరి చెయ్యి ఒంటి చుట్ట మీదికే పోయింది. వాడి వాయింపంతా ఆ సన్నటి గొంతులోనే ఉంది మరి.

“ఆగు. ముందు కరెంటు తీగలు నేని సోట పాతది వాయించి సూడు. అక్కడ కూడా జుమ్మంటే అది ముసిల్దైపోనాది, ఈ ఒంటిది యేస్తే సాలు. జుమ్మనకపోతే మాత్రం ఊళ్లో కరెంటుని పట్టుకుంటన్నట్టు. ఒంటిదేది యేసినా అదే పాట. అప్పుడు జంటది తప్ప దారి నేదు.” టంకం అక్కర్లేకుండా తగిలించుకోడానికి పాతదాని తీగలకీ కొత్తవాటి తీగలకీ క్లిప్పులు కూడా పెట్టిచ్చాడు.

ఈ రోజుల్లో కరెంటు తీగ లేని చోటెక్కడుంది? అప్పలసూరి మేనమామ నూకయ్య ఉండే పల్లె చివర ఐసు ఫ్యాక్టరీ ఉంది. కరెంటు పీకేసి ఏళ్లయింది. పగలు పక్కనే చేపల వేలం, ఆ గోలలో గిటారు రొద ఎవడికి వినబడుతుంది? కాబట్టి రాత్రే వెళ్లాలి.

“ఒరే, ఇంకెక్కడా సోటు దొరకనేదేట్రా నీకు?” అన్నాడు నూకయ్య, పైన రాసిన కథంతా చెప్పి.

“సెట్టులో కదా మావా మాట్లాడతాది. నా దగ్గర సెట్టెక్కడిది?” అని నవ్వేసి, బ్యాటరీతో నడిచే చిన్న స్పీకరు భుజానికి తగిలించుకుని బయల్దేరాడు.

లోపలంతా చీకటి... తుప్పు వాసన. ఐసు దిమ్మలు పోసే తొట్టెలు ఖాళీగా వరసగా ఉన్నాయి. ఫోను లైటు గోడకి ఆనించి, తొట్టె గట్టు మీద కూర్చుని స్పీకరు పెట్టాడు.

రొద లేదు!

తీగ మీటాడు. తేటగా మోగింది. అంటే తప్పు ఊళ్లో కరెంటుది. జంట చుట్టలది వెయ్యక తప్పదు. తేలిపోయింది. ఇక లేచి వెళ్లిపోవచ్చు. అయినా ఆ పాత గొంతుతో ఇంకొక్క పాట వాయిద్దామని వేళ్లు పెట్టాడు.

అప్పుడు స్పీకరు మాట్లాడింది.

“నానే... ఇనబడతన్నాదా?”

అప్పలసూరి చుట్టూ వెతికి చూశాడు. దగ్గర సెట్టు లేదు. రేడియో లేదు. ఉన్నది గిటారొక్కటే...

“ఇనబడతన్నాదా?”

పరిగెత్తకుండా వాడు చేసిన పని వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. గబగబా మూత విప్పి, పాతది పీకేసి, జంట చుట్టలది తగిలించాడు. మీటి చూశాడు. బొద్దుగా మోగింది. తీగ ఆగగానే — నిశ్శబ్దం. గొంతు లేదు. పావుగంట కూర్చున్నా రాలేదు.

గండం గడిచిందని లేచాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయాడు.

“ఆ గొంతు ఏడవలేదురా, బెదిరించలేదు” అన్నాడు నాతో. “అడిగి, జవాబు కోసం ఆగింది. ఆగిందని నాకు తెలిసిపోయింది. నేను మూత బిగించేసినా అది ఇంకా అడుగుతూనే ఉందేమో అనిపించింది. భయం కంటే జాలి ఎక్కువేసింది.”

వెనక్కి వచ్చాడు. పాత పికప్ మళ్లీ తగిలించాడు. మాట సరిగ్గా వినబడాలని స్పీకరు బాగా పెంచాడు.

“నానే...”

ఆ వెంటనే — కీఁ... అని చెవులు చిల్లులు పడేలా కూత! అప్పలసూరి వెనక్కి పడి తొట్టెకి తల కొట్టుకున్నాడు. నెత్తి పట్టుకుని లేస్తూ ఉంటే మెల్లగా బుర్ర వెలిగింది. ఈ కూత వాడికి చిన్నప్పటి నుంచీ తెలుసు. పెళ్లిలో పంతులు గారు మైకు పట్టుకుని మా స్పీకరు ముందుకొస్తే వచ్చే కూతే ఇది. మైకు స్పీకరుకి దగ్గరగా ఉంటేనే వస్తుంది.

దెయ్యానికి మైకెందుకు?

స్పీకరు తగ్గించాడు. గొంతు వచ్చింది, కూత రాలేదు. పెంచాడు. కూసింది. ఎవరో ఇక్కడే ఉన్నారు... ఈ గోడల మధ్యే. ఫోను తీసుకుని మెట్లెక్కాడు.

డాబా మీద, సముద్రం వైపు తిరిగి ఓ అమ్మాయి కూర్చుని ఉంది. ఇరవై ఐదేళ్లుంటాయేమో. చెంగు తల మీంచి కప్పుకుంది. చేతిలో సెట్టు. వీడి లైటు మీద పడగానే కెవ్వుమంది. కింద ఎన్నడూ లేని మోత విని అరగంట నుంచీ భయపడుతూనే పిలుస్తోంది పాపం. ఆవిడ లెక్కలో వీడే దెయ్యం.

“బయపడకు సెల్లెమ్మా, మనిసినే. నూకయ్య మేనల్లుణ్ణి. నువ్వెవులు?”

“గౌరిని.”

“ఎవుల్ని పిలస్తన్నావు?”

తల దించుకుంది. కుడి ముంజేతిని లైటు ముందుకి చాపింది. పచ్చబొట్టు. ‘రాముడు’ అని ఉంది.

రాముడంటే ఆమె మొగుడు, పక్క పల్లె. ఎండాకాలపు వేట నిషేధం జూన్‌లో ఎత్తేసిన వారానికి చిన్న బోటు మీద ఒక్కడే వెళ్లాడు. తిరిగి రాలేదు. అందరూ వెతికారు, మానేశారు. అత్తామామలు కర్మ చేసేద్దామన్నారు. ఈ పిల్ల ఒప్పుకోలేదు. సెట్లు జంటగా కొన్నారు. ఒకటి ఆయన పట్టుకెళ్లాడు, ఒకటి ఇంట్లో ఉంది. ఇంటి దగ్గర సరుగుడు తోట అడ్డమని, ఇంటిల్లిపాదీ పడుకున్నాక వచ్చి ఈ డాబా ఎక్కి పిలుస్తోంది. ఏడు నెలల్నించి... రోజూ.

“పేరెట్టి పిలవొచ్చు కదమ్మా!”

“మొగుడి పేరు నోటితో ఎలాగంటాను అన్నయ్యా?”

“నీ పేరైనా సెప్పొచ్చు కదా.”

“ఆయనకి నా గొంతు తెలవదేటి?” అంది.

నాకైతే ఇక్కడ ఒళ్లు మండిపోయింది. అన్ని బోట్లు! అంతమంది మగాళ్లు! ఒక్కడు ‘ఎవరమ్మా నువ్వు’ అని అడిగి ఉంటే సరిపోయేది. బతికున్న పిల్లని ఏడు నెలల పాటు దెయ్యాన్ని చేసేశారు.

“మరి నీకెలా ఇనబడింది?” అనడిగింది గౌరి. కిందికి తీసుకెళ్లి గిటారు చూపించి, పాత పికప్ తీసెయ్యాల్సొస్తోందని కూడా చెప్పాడు. ఆ పాత పికప్ మీద వేలు పెట్టి చూసింది.

“దీన్ని తీసీకు అన్నయ్యా. ఇన్నాళ్లకి నా మాట ఇన్నది ఇదొక్కటే.”

తియ్యకపోతే అప్పలసూరికి ఆర్కెస్ట్రాలో చోటు పోతుంది, మళ్లీ ఆ గదిలో ఒంటరిగా గోడల కేసి చూస్తూ కూర్చోవాలి. తీస్తే ఈ పిల్ల మాట వినేవాడు పోతాడు. తెల్లవారే దాకా ఆలోచించి, గిటారు కాకపోతే మనుషులే వినాలి అనుకుని మామ దగ్గరికెళ్లాడు.

నూకయ్య అంతా విన్నాడు.

“నా సెట్టులో మూడుసార్లు ఇన్నానురా ఆ గొంతు. మూడుసార్లూ కట్టేసినాను. రాముడు నా పక్కన వల యేసినోడు...” అని తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. లేచి, వేటకెళ్లే ప్రతి వాడి ఇంటికీ తనే నడిచి వెళ్లాడు.

అప్పలసూరి తేలికైన మనసుతో జగన్నాధం దగ్గరికెళ్లి జంట చుట్టలదే పర్మనెంటుగా బిగించేయించుకున్నాడు. పాతది విప్పి చూసి జగన్నాధం నవ్వాడు. “లోపల టంకం సగం ఊడిపోనాది. ఇలాగుంటే గిటారే రేడియో అయిపోతాది. దగ్గర్లో ఎవుడు సెట్టులో మాట్లాడినా పలికేస్తాది” అన్నాడు. అంతే సంగతి. దెయ్యం లేదు, ఏమీ లేదు.

ఆ రాత్రి అప్పలసూరి మళ్లీ డాబా ఎక్కాడు. గౌరికి ముందుగా ఏమీ చెప్పలేదు, సంతోషపడనీ అని. దూరంగా నీళ్ల మీద బోట్ల దీపాలు చుక్కల్లా ఉన్నాయి.

ఆవిడ మీట నొక్కింది. “నానే... ఇనబడతన్నాదా?”

వదిలింది. గరగర... గరగర...

“ఇనబడతన్నాదమ్మా. నూకయ్యని.”

గౌరి ఉలిక్కిపడింది. సెట్టు జారిపోబోతే రెండు చేతుల్తో పట్టుకుంది.

“సినబాబుని. ఇనబడతన్నాది సెప్పమ్మా.”

ఇంకో గొంతు. ఆ తర్వాత ఇంకోటి. పేరు చెప్పి, ఇనబడతన్నాదని చెప్పి, ఒక్కొక్కరే తప్పుకుంటున్నారు. ఎక్కడో చాలా దూరాన ఉన్న బోటు నుంచి దోమ మూలిగినంత సన్నగా ఓ ముసలి గొంతు కూడా పలికింది. ఆవిడ ప్రతి ఒక్కరికీ “ఆఁ... ఆఁ...” అంటూనే ఉంది. అప్పలసూరికి కళ్లమ్మట నీళ్లు కారిపోతున్నాయి. బతుకులో ఓ మంచి పని చేశానురా అనిపించిందట.

గొంతులన్నీ అయిపోయాయి. గౌరి ఇంకా సెట్టు చెవి దగ్గరే పెట్టుకుని ఉంది. చాలాసేపు... బోట్ల దీపాలన్నీ మలుపు తిరిగి వెళ్లిపోయేదాకా అలాగే ఉంది.

“అందరూ పలికినారు కదమ్మా” అన్నాడు వీడు.

“ఆఁ. అందరూ పలికినారు.” గొంతులో ఏడుపు లేదు. “ఇన్నాళ్లూ ఒక్కలూ పలక్కపోతే, సెట్టు పాడైపోనాది, నా మాట సముద్రంలోకి ఎల్లట్నేదు, అందుకే ఆయన పలకట్నేదు అనుకున్నానన్నయ్యా...”

సెట్టుని ఒళ్లో పెట్టుకుని, బొటనవేలితో మెల్లగా స్విచ్చి కట్టేసింది.

“సెట్టు బాగానే ఉన్నాది.”