మొదటి పిలుపుకే

బాన్సువాడ బస్టాండు ఎదురుగా, ఎరువుల దుకాణం మీది గదిలో ఉంది ఆ కంప్యూటర్ సెంటర్. సాయంత్రం నాలుగింటికే మబ్బు కమ్మి చీకటైంది. కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద, నెట్ ఫోన్ మీద నడుస్తున్నాయి. కింది నుంచి తడిసిన గోనెసంచుల వాసన.

ఐదింటికి రవళికి వీడియోలో ఇంటర్వ్యూ. ల్యాప్‌టాప్‌లో మూడు రౌటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడినట్టు చూపించాలి. నిజం రౌటర్లు కావు, రౌటర్‌లా నడిచే ఫైలు. ఇమేజ్ అంటారు. అది నడిస్తే ఉద్యోగం. లేకుంటే అమ్మ పక్కన బీడీలు చుట్టే చాట.

ఉన్న ఇమేజ్ పొద్దుటి నుంచి లేవనే లేవట్లేదు. తనతో చదివే సింధుజ ఒక పెన్‌డ్రైవ్ తీసింది.

"గిది మనకు పాఠం చెప్పిన సంపత్ సార్‌ది. సార్ మంజీర వరదల కొట్టుకపోయినంక ఎవ్వరం ముట్టలే."

"ఫైలుకు గూడ దినాలు చేస్తవా ఏందే? ఇటియ్యి."

"నీ ఇష్టం తల్లీ. చాయ్ తెస్త," అని సింధుజ దిగిపోయింది.

పెన్‌డ్రైవ్‌లోని ఇమేజ్ ఒక్క దెబ్బకు లేచింది. మూడు రౌటర్లూ పచ్చబడ్డాయి. అంతలో తెర మీద ఇంకో వరుస కదిలింది. నాలుగో రౌటర్ ఏదో పింగ్ కొడుతోంది. పింగ్ అంటే పిలుపే. ఉన్నావా అని.

రవళి పెట్టింది మూడే.

తెర మీద రౌటర్లను కలిపే తీగ తెంపింది. పిలుపు ఆగలేదు. తనే తిరిగి పింగ్ కొట్టి చూసింది. జవాబు తొంభై మిల్లీసెకన్లకు వచ్చింది. తర్వాత నలభైకి... పదకొండుకు... మూడుకు. కాలం తగ్గుతోందంటే, అది దగ్గరికొస్తోంది.

చీకట్లో ఎవరన్నా పిలిస్తే మూడోసారి దాకా పలకొద్దు బిడ్డా, అనేది అవ్వ. రవళి పలకలేదు. ల్యాప్‌టాప్ మాత్రం మొదటి పిలుపుకే పలికింది. ప్రతిసారీ పలుకుతోంది. దానికి ఆమె పెట్టుకున్న పేరు కూడా రవళి.

వేలు పవర్ బటన్ మీదికి పోయింది. నొక్కితే ఉద్యోగం పోతుంది...

వీడియో కాల్ మోగింది. వేలు తీసేసి కాల్ ఎత్తింది.

పిలుపులు ఆగిపోయాయి.

"మూడో రౌటర్‌కు దారి ఎలా తెలిసిందమ్మా?" తెర మీద పెద్దాయన అడిగాడు. రవళి మైకు ఇంకా తెరవలేదు. దాని మీద ఎర్ర గీత అలాగే ఉంది.

"గుడ్. బాగా చెప్పారు," అన్నాడాయన. "ఎప్పుడు చేరతారు?"

ఒక్క క్షణం విన్నాడు. నవ్వాడు.

"ఇవాళే అక్కర్లేదమ్మా. సోమవారం రండి."

చాయ్ గ్లాసులతో సింధుజ లోపలికొచ్చింది. "మెట్ల దాక వినబడ్తుందే నీ గొంతు. దంచికొట్టినవ్ పో."

"నేను కాదే," అంది రవళి.

సింధుజ ఏమీ విననట్టే గ్లాసు ముందు పెట్టి, జవాబు కోసం ఆమె మొహంలోకి చూస్తూనే ఉంది. "ఏందే, పలకవు?"