జామీను సంతకం

"మీ నాన్నగారు పోయి బతికిపోయారు. మా నాన్న బతికుండి చస్తున్నాడు!"

ఇంద్రాణి నాతో అన్న మొదటి మాట ఇదే. గొడుగైనా లేకుండా మా క్వార్టర్ గుమ్మంలో నిలబడి అరిచింది. ఇనుప గనుల ఊరు కిరండూల్‌లో వాన పడితే రోడ్ల మీద ఎర్రనీళ్లు పారతాయి. ఆమె తెల్ల నర్సు యూనిఫాం మోకాళ్ల దాకా ఎర్రబడిపోయింది. అంత కోపంలోనూ ఈ పిల్ల కళ్లు ఎంత బాగున్నాయో అనుకున్నాను. బుద్ధున్నవాడెవడూ ఆ సమయంలో అలా అనుకోడు.

ఆమె కోపం న్యాయమైనదే. మా నాన్న టిప్పర్ కొనడానికి బ్యాంకులో అప్పు చేశాడు. గనిలో ఫోర్‌మన్‌గా ఉన్న ఆమె తండ్రి భూషణం గారు స్నేహం కొద్దీ జామీను సంతకం పెట్టారు. టిప్పర్ ఘాట్ రోడ్డు మీంచి లోయలో పడింది. ఆ దిగులుతో నాన్న గుండె ఆగింది. నేను లారీలు తూచే కాంటా దగ్గర కాంట్రాక్టు ఉద్యోగిని. నేను కట్టగలిగింది కట్టగా, మిగతాది బ్యాంకువాళ్లు భూషణం గారి జీతంలోంచి కోసుకుంటున్నారు.

"లోపలికి రండి, తడిసిపోతున్నారు."

"టీ తాగడానికి రాలేదండీ. ఈ అప్పు సంగతి ఏం చేస్తారో చెప్పండి."

"జగదల్‌పూర్‌లో ఎవరో సెటిల్‌మెంట్ కంపెనీవాళ్లు ఉన్నారట. సోమవారం వెళ్తున్నాను."

"నేనూ వస్తా. మా నాన్న జీతం సంగతి మీ ఒక్కరికే వదిలేస్తానా?"

వచ్చింది. ఆ ఆఫీసులో ఏసీ ఉంది, కూల్‌డ్రింకులు ఉన్నాయి, టై కట్టుకున్న మనిషి ఉన్నాడు. బ్యాంకుకి కిస్తీలు కట్టడం మానేయమన్నాడు. నెలనెలా తమకు ఫీజు కడితే చాలట. రెండేళ్లకి బ్యాంకే విసిగిపోయి సగానికి ఒప్పుకుంటుందట. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇంద్రాణి కూల్‌డ్రింకు పక్కన పెట్టింది. "కట్టడం మానేస్తే బ్యాంకు జామీనుదారు మీద పడదా?" అని హిందీలో అడిగింది.

"వో ఆప్‌కా టెన్షన్ నహీ హై, మేడమ్."

"జామీనుదారు మా నాన్న. అది నా టెన్షన్ కాకపోతే మీ తాతదా?" అని తెలుగులో కడిగేసింది. వాడికి మాట అర్థం కాకపోయినా భావం అర్థమైంది.

బయటికొచ్చాక సణిగాను. "సగం అప్పు పోయేది."

"ఆ రెండేళ్లూ మా నాన్న జీతం కోసుకుంటారు. సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఇదే!"



తర్వాత ఆమే వాకబు చేసి దంతెవాడలో అప్పుల సలహా కేంద్రం ఉందని చెప్పింది. అక్కడ ఏసీ లేదు. పూనం దీదీ అని ఒకావిడ, నా ఆదాయం, ఖర్చు, అమ్మ మందులు అన్నీ అడిగింది. ఫీజు లేదంది. పైసా తగ్గదు కూడా అంది. మొత్తం అప్పు కట్టాలి, కాకపోతే చిన్న కిస్తీలుగా ఏడేళ్లపాటు. నేను సరిగ్గా కడుతున్నంతకాలం జామీనుదారు జీతం ముట్టుకోకుండా బ్యాంకుతో రాయించి ఇస్తుంది.

"ఏడేళ్లా!" అన్నాను తిరుగు బస్సులో.

"ఏం, మధ్యలో పారిపోతారా?"

"నువ్వుండగా ఎక్కడికి పోతాను?"

నాలిక్కరుచుకున్నాను. ఆమె కిటికీ అద్దం మీది వానచుక్కల్ని చూస్తూ, "'మీరు' అనడం మానేశావన్నమాట" అంది. ఆ రోజు నుంచి తనూ మానేసింది. దంతెవాడ వెళ్లిన ప్రతిసారీ ఒకే సమోసా పొట్లం, ఒకే సీటు. పని తొందరగా అవకపోతే బాగుండునని మొక్కుకున్న బాకీదారుణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

చివరికి అంతా కుదిరాక బ్యాంకు ఒక మెలిక పెట్టింది. కొత్త ఒప్పందానికి ఉద్యోగస్తుల జామీను సంతకం మళ్లీ కావాలి. భూషణం గారేమో ఇక బతికుండగా ఏ కాయితం మీదా సంతకం పెట్టనని ఒట్టు పెట్టుకున్నారు.

"నేను పెడతా" అంది ఇంద్రాణి.

పూనం దీదీ తలెత్తి మా ఇద్దరినీ చూసింది. "షాదీ కర్‌నే వాలే హో క్యా? భార్యాభర్తలు ఒకరికొకరు జామీను ఉండకూడదని ఈ బ్యాంకు షరతు."

"కాదు" అంది ఇంద్రాణి.

"అవును" అన్నాను నేను.

ఇద్దరం ఒకేసారి అన్నాం. పూనం దీదీ, చాయ్ తాగొస్తానని లేచి వెళ్లిపోయింది.

"ఎప్పట్నించి?" అంది ఇంద్రాణి, నా వైపు చూడకుండా.

"నువ్వు మా గుమ్మంలో తిట్టిన రోజు నుంచి."

"ముందే చెప్పి ఏడవొచ్చుగా!" అంది. ఏడ్చింది మాత్రం తనే.

"జగదల్‌పూర్ వాడి దగ్గరికే పోదాం. అక్కడైతే నీ సంతకం అక్కర్లేదు."

"మా నాన్న జీతం కోయించి నా మెడలో తాళి కడతావా?"

సిగ్గుతో చచ్చిపోయాను.

"సంతకం పెడతా. పెళ్లికి ఏడేళ్లు ఆగుదాం" అంది కళ్లు తుడుచుకుంటూ. "అప్పటికి నాకు ముప్ఫై నాలుగు."

ప్రేమించిన పిల్ల ఊ అన్న రోజున అంత దిగులు పడ్డవాడు బస్తర్ మొత్తంలో ఇంకెవడూ ఉండడు. తిరుగు బస్సులో బచేలీ దాటాక ఆమె చెయ్యి నా చేతిలో పెట్టి, దిగేదాకా తియ్యలేదు.

సంతకాల రోజు ఇంద్రాణి వెనకాలే భూషణం గారూ వచ్చారు. షిఫ్టు దిగి, ఎర్రమట్టి బూట్లతోనే వచ్చేశారు. "నమస్తే అంకుల్" అని లేచాను. ఆయన కూతురి చేతిలోని పెన్ను లాక్కుని, పాత జామీనుదారే మళ్లీ పెడితే చెల్లుతుందా అని పూనం దీదీని అడిగారు.

"చెల్లుతుంది. అప్పుడు అమ్మాయి సంతకం అక్కర్లేదు."

"నాన్నా! ఒట్టు పెట్టుకున్నావు కదా!"

"నిండా మునిగినోడికి చలేటమ్మా" అన్నారాయన. "వారం రోజులుగా గది తలుపేసుకుని నువ్వు ఏడుస్తుంటేనే వినలేకపోతున్నాను. ఏడేళ్లు ఏటి వింటాను?"

కాయితాలన్నిటి మీదా సంతకాలు పెట్టారు. పెన్ను నా ముందుకు తోసి, మొదటిసారి నా మొహంలోకి చూశారు.

"ఒరే, ఒక్క కిస్తీ తప్పావంటే, అల్లుడివని కూడా సూడను."