ఇరవై నాలుగో ఓటు

నిడుబ్రోలు దాటాక మెయిలు రైల్లోంచి పడి చచ్చిపోయిన మనిషి తాగి లేడు, నిద్రమత్తులోనూ లేడు. వెనకనుంచి ఎవరో తోశారు.

పోలీసులకన్నా ముందు ఆ సంగతి తెలిసింది తెనాలి మారీసుపేటలో టైపు ఇనిస్టిట్యూట్ నడిపే పురుషోత్తానికి. మర్నాడు, అంటే 1986 నవంబరులో ఓ శుక్రవారం, పొద్దున్న ఎనిమిదింటికి ఆయన గుమ్మంలో ఒక ఆడమనిషి స్టీలు సామాన్ల బుట్ట దించింది.

"పాత చీరలకి స్టీలు గిన్నెలిస్తామండి."

"జరీవి తీసుకుంటావా?"

"జరీ మాసితే తీసుకోమండి."

కోడ్ సరిపోయింది. గిన్నెల పున్నమ్మ లోపలికి వెళ్ళి కుర్చీలో కూర్చునేసరికి ఏజెంట్ ప్రేమకుమారి అయింది. పుట్టిల్లు రేపల్లె, లూథరన్ బడిపంతులుగారి అమ్మాయి, బీఎస్సీ ఫస్ట్ క్లాస్. పన్నెండేళ్ళుగా బుట్ట నెత్తిన పెట్టుకుని మూడు జిల్లాల్లో ఏ ఇంటి పెరటి గుమ్మంలోకైనా పిలిపించుకుని మరీ వెళ్ళగలిగిన ఏకైక సీక్రెట్ ఏజెంట్.

చుట్టూ పదహారు మిషన్లు. పదహారుమంది ఆడపిల్లలు ఒకేసారి ఎ ఎస్ డి ఎఫ్ కొడుతున్నారు. ఆ మోతలో పక్క కుర్చీలో మాట పక్క కుర్చీకే అందదు. దేశం మొత్తమ్మీద ఇంత చవకైన సౌండ్‌ప్రూఫ్ గది ఇంకొకటి లేదని పురుషోత్తానికి గర్వం.

"సలోమా దీవులు," అన్నాడు పురుషోత్తం గ్లోబు తిప్పుతూ. "హిందూ మహాసముద్రం. నూటడెబ్బై ఏళ్ళుగా పరాయి కిరీటం కింద ఉన్నాయి. చెరుకు, దోమలు, గవర్నరు. ఈ మూడే అక్కడ సమృద్ధి. అడగ్గా అడగ్గా మొదట కౌన్సిల్లో నలుగుర్ని నామినేట్ చేశారు. జైళ్ళు నిండాక ఎన్నికలిచ్చారు. తర్వాత ముఖ్యమంత్రినిచ్చారు. వీటో మాత్రం గవర్నరు దగ్గరే ఉంచుకున్నారు."

"వంటిల్లు అప్పగించి అగ్గిపెట్టె కొంగున కట్టుకున్నట్టు."

"అంతే. ఇప్పుడు వాళ్ళ రాజ్యాంగ సభ సొంత రాజ్యాంగం రాసుకుంది. ముప్పై ఆరుగురు సభ్యులు. ఇరవై నాలుగు ఓట్లు పడితే డ్రాఫ్టు పాసవుతుంది, స్వాతంత్ర్యం వస్తుంది. పడకపోతే ఇంకో పదేళ్ళు గవర్నరు పాలన. చేతిలో ఉన్నవి ఇరవై మూడు."

"ఇరవై నాలుగోది?"

"బాపట్లలో ఉంది."

ఆ ఓటు పేరు రాజమ్మ. సలోమా చెరుకు కూలీల సంఘం నాయకురాలు. బియ్యం గింజ కూడా చక్కెర కంపెనీ ఓడలోనే దిగాల్సిన దేశం వాళ్ళది. జెండా ఎగరేసేలోపు తిండి సంగతి చూడాలని, ఉప్పునేలలో పండే వరి కోసం బాపట్ల వ్యవసాయ కాలేజీకి వచ్చింది. ఆవిడ ఇలా ఓడెక్కగానే గవర్నరు అక్కడ వచ్చే నెల ఓటింగును ఇవాళ్టికి జరిపాడు.

"దూరాన ఉన్న సభ్యులు టెలిగ్రాం ద్వారా ఓటు వెయ్యొచ్చు," అన్నాడు పురుషోత్తం. "సర్కారీ తంతి ఆఫీసు నుంచి పంపాలి. ఫారం మీద గెజిటెడ్ ఆఫీసరు అటెస్టేషన్ ఉండాలి. మన టైములో సాయంత్రం ఆరింటిలోగా అక్కడ చేరాలి. ఆపడానికి కంపెనీవాళ్ళ ముఠా దిగింది. కోడ్‌నేమ్ మొలాసిస్, మన భాషలో చెరుకు మడ్డి. నిన్న రైల్లోంచి తోసేసింది రాజమ్మగారి బాడీగార్డుని. అతను ఏ రైల్లో వస్తున్నాడో బాపట్లలో ఆవిడ దిగిన ఇంట్లోవాళ్ళకి తప్ప ఇంకెవరికీ తెలీదు."

"ఇంట్లో ఎవరెవరున్నారు?"

"ఢిల్లీ పంపిన ఏజెంట్ ఇరవై ఒకటి. గృహిణి వేషం, నాగేశ్వరమ్మ అని పేరు. గెజిటెడ్ హోదా ఉంది, అటెస్టేషన్ ఆవిడే చేస్తుంది. ఇంకొకరు వంటమనిషి వెంకటరమణమ్మ. వారం కిందటే చేరింది. నా అనుమానం ఆవిడ మీదే."

"ఎందుకండీ?"

"కాఫీ అద్భుతంగా పెడుతోందట. అంత బాగా పెట్టే మనిషి ఖాళీగా ఎలా దొరికింది?"

ప్రేమకుమారి లేచింది. పురుషోత్తం టిఫిన్ క్యారేజీ ఒకటి చేతికిచ్చాడు. అడుగు గిన్నెలో ట్రాన్స్‌మిటర్ ఉంది. ఢిల్లీ ఇంజనీర్లు ఆర్నెల్లు కష్టపడి చేసిన ఆ పరికరంలో హెడ్డాఫీసు తప్ప రేడియోలో వచ్చే పాడిపంటల కార్యక్రమాలన్నీ వినిపించేవి.

"ఒక్క మాట, ప్రేమా. పున్నమ్మని తయారుచేయడానికి పన్నెండేళ్ళు పట్టింది. నీ అసలు పేరూ హోదా ఎక్కడన్నా కాగితం మీద పడ్డాయా, ఫీల్డు మర్చిపో. ఆఫీసులో కూర్చుని ఫైళ్ళకి దారాలు కట్టుకోవడమే."

తుపాకులకి బెదరని ప్రేమకుమారి దారాలనేసరికి గబగబా బుట్టెత్తుకుంది.

పదకొండింటికి బాపట్లలో ఆ ఇంటి పెరటి వసారాలో బుట్ట దిగింది. వంటమనిషి వెంకటరమణమ్మ రెండు చీరలు తెచ్చి గచ్చు మీద పడేసింది.

"ఈ రెంటికీ ఆ పెద్ద బేసిను ఇచ్చెయ్."

"రెండు నూలు చీరలకి బేసినా? గరిటె వస్తుంది పిన్నీ."

"గరిటా! మా అమ్మ పెళ్ళినాటి చీరే ఇది!"

"అందుకే గరిటె అన్నాను."

యుద్ధం ఇరవై నిమిషాలు సాగింది. వెంకటరమణమ్మ "నీ గిన్నెలూ వద్దు, నువ్వూ వద్దు" అని మూడుసార్లు లోపలికి పోయి నాలుగుసార్లు బయటికొచ్చింది. బేసినును వేలితో కొట్టి చూసింది, ఎండలో పట్టి చూసింది. చివరికి ఆ బేసినూ, రెండు చెంచాలూ, ఏ గిన్నెకీ సరిపడని ఒక మూతా లాక్కుని, తనే మోసపోయినట్టు మొహం పెట్టింది. ఈవిడ పరాయి గూఢచారే అయితే ఆ ట్రైనింగ్ స్కూలుకి చేతులెత్తి మొక్కాలనుకుంది ప్రేమకుమారి.

"ఏంటి గొడవ?"

ముందు సెంటు వాసన వచ్చింది, తర్వాత మనిషి వచ్చింది. స్లీవ్‌లెస్ జాకెట్టు, నెత్తిమీద నల్లకళ్ళద్దాలు, బొద్దింకని కూడా ఆలోచనలో పడేసే నవ్వు. నాగేశ్వరమ్మ అన్న పేరుకీ ఆ మనిషికీ పొత్తు కుదరక పేరే సిగ్గుపడాలి.

"చీరలేమన్నా ఉంటే ఇవ్వండమ్మా," అంది ప్రేమకుమారి. చిన్న టిఫిన్ బాక్సు ఒకటి పైకెత్తి, నోటికొచ్చిన రేటు చెప్పింది. "ఏడు చీరలకి ఇదొకటి."

"సరే," అంది నాగేశ్వరమ్మ.

లోపలికి వెళ్ళి ఏడు చీరలు తెచ్చింది. అందులో ఒకటి ఎర్రంచు కంచిపట్టు. టిఫిన్ బాక్సు మూత తీసి చూడలేదు. అడుగు తట్టలేదు. వెళ్ళిపోయింది. వెంకటరమణమ్మ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

ప్రేమకుమారి ఆ ఏడు చీరలూ బుట్టలో సర్దుకుంటూ లెక్క వేసింది. ఆ మనిషికి ఎవరో కుచ్చిళ్ళు పెట్టడం నేర్పారు, గోంగూర పచ్చడి నేర్పారు, యాసతో సహా తెలుగు నేర్పారు. బేరమాడటం మాత్రం సిలబస్‌లో పెట్టడం మర్చిపోయారు. కృష్ణకి ఈవల పుట్టిన ఆడది ప్రాణమైనా వదులుతుందేమోగాని మొదటి మాటకి చీర వదలదు. ఢిల్లీని కూడా బోల్తా కొట్టించిన మొలాసిస్ మనిషి ఈవిడే.

వీధి మలుపులో క్యారేజీ తెరిచి హెడ్డాఫీసుని పిలిచింది. వరికి తెగుళ్ళమందు ఎప్పుడు కొట్టాలో వివరంగా వినిపించింది.

ఆ మలుపులోనే కాపు కాసింది. మూడింటికి ఇంటి ముందు జీపు ఆగింది. నాగేశ్వరమ్మ రాజమ్మగారిని చెయ్యి పట్టి తీసుకొస్తోంది. "బాపట్ల తంతి లైను తెగిపోయిందటండి. రేపల్లె వెళ్ళి ఓటు పంపుదాం. దారిలో అడవులదీవి దగ్గర ఉప్పునేల వరి కూడా చూపిస్తాను."

లైను తెంపిందెవరో ప్రేమకుమారికి అర్థమైంది. బుట్టతో సహా జీపు వెనక ఎక్కి కూర్చుంది.

"ఏయ్, దిగు!" అంది నాగేశ్వరమ్మ.

"మా ఊరు రేపల్లేనమ్మా. ఏడు చీరలిచ్చిన తల్లివి, ఈ మాత్రం దారి ఇవ్వలేవా?"

"రానియ్యి తల్లీ, ఎండగా ఉంది," అంది రాజమ్మ. అరవై ఏళ్ళుంటాయి. పొట్టి మనిషి, చేతుల నిండా చెరుకాకు కోసిన గీతలు. ఆవిడ తెలుగు జాడీలో ఊరిన మాగాయలాగా పాతదే, ఘాటు మాత్రం తగ్గలేదు.

దారి పొడుగునా డ్రైవరు ఏసుపాదం వర్షాల మీదా, ఎండ్రకాయల మీదా ఉపన్యాసమిచ్చాడు. అడవులదీవి దాటాక కాలువ గట్టు మీద ఆపమంది నాగేశ్వరమ్మ. అక్కడ వరి లేదు. మోటారు పడవ ఉంది. అందులో టోపీలు పెట్టుకున్న ఇద్దరు మగవాళ్ళున్నారు.

నాగేశ్వరమ్మ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పౌడరు డబ్బా తీసినంత నాజూగ్గా పిస్టల్ తీసింది.

"ఎక్కండి రాజమ్మగారూ. ఆరింటిదాకా సముద్రంలో షికారు. తర్వాత క్షేమంగా దింపేస్తాం."

రాజమ్మ పిస్టల్ వైపు చూసింది. పడవ వైపు చూసింది. అక్కడే బురదలో చతికిలబడి కూర్చుంది.

"మా ముత్తవ్వకి మిరపతోటలో పని ఇప్పిస్తామని చెప్పి ఈ ఒడ్డు మీదే పడవెక్కించారు. మూడు నెలలకి దిగితే చెరుకుతోట, చేతికి నంబరు బిళ్ళ. ఒకసారి ఎక్కాం. అది చాలు. కాల్చుకో."

"లేవండి! ఆటలొద్దు!"

"లేవను. నన్ను లేవదీసి ఎక్కించాలంటే నీ గవర్నర్నే రమ్మను."

గట్టు మీద ఎండుచేపల బుట్టలతో వెళుతున్న ఐదారుగురు ఆడవాళ్ళు ఆగారు. "ఎవత్తే అది, ముసలమ్మని బెదిరిస్తా ఉంది?" అని ముందున్న ఆవిడ బుట్ట దించింది. నాగేశ్వరమ్మ పిస్టల్ అటు తిప్పింది. ఆ ఒక్క క్షణం చాలు. ప్రేమకుమారి బుట్టలోంచి కంచిపట్టు లాగి వలలాగా విసిరి, తలమీదనుంచి మోకాళ్ళదాకా నాలుగు చుట్లు చుట్టేసింది. తూటా ఆకాశంలోకి పోయింది. పడవలోవాళ్ళకి కరాటేలో బ్లాక్ బెల్టులున్నాయట. నెత్తిన పడే ఎండుచేపల బుట్టని ఎలా కాచుకోవాలో మాత్రం ఆ బెల్టులో లేదు. ఇంజను స్టార్టు చేసి పారిపోయారు.

మూటలోంచి గొంతు వినిపించింది. "ఎలా కనిపెట్టావు?"

"టిఫిన్ బాక్సుకి ఏడు చీరలా నాగేశ్వరమ్మగారూ?"

"ఎన్నివ్వాలి?"

"రెండు. అదీ మూత బిగువుగా ఉంటేనే."

మూటని చేపలమ్మలకి అప్పగించి, "పోలీసులొచ్చేదాకా జాగ్రత్త పిన్నీ," అని జీపెక్కారు. టైము నాలుగూ ముప్పావు. ఏసుపాదం ఉపన్యాసాలు మాని జీపుని ఎగరేశాడు. చెరుకుపల్లి దగ్గర గేదెల మంద రోడ్డుని తన సొంతం చేసుకుని పావుగంట కదల్లేదు. రేపల్లె తంతి ఆఫీసు మెట్లెక్కేసరికి ఐదూ నలభై ఎనిమిది.

కౌంటరు వెనక గుమాస్తా గౌరీశంకరం తలెత్తి చూశాడు. "ఏంటమ్మా? గిన్నెలు బయట పెట్టు. ఇది ఆఫీసు."

రాజమ్మ ఫారం నింపి ఇచ్చింది. ఆయన రెండుసార్లు చదివి, పెన్ను మూత పెట్టేశాడు.

"విదేశీ ఓటు. అటెస్టేషన్ లేకుండా పంపితే అక్కడ చెల్లదండి, మామ్మగారూ. గెజిటెడ్ ఆఫీసరు సంతకం కావాలి."

అటెస్ట్ చేయాల్సిన ఆఫీసరు పట్టుచీరలో మూటై అడవులదీవిలో ఉంది.

"ఊళ్ళో ఇంకెవరున్నారండీ?" అంది ప్రేమకుమారి.

"ఎమ్మార్వోగారు క్యాంపు. ప్రిన్సిపాల్‌గారు పెళ్ళికెళ్ళారు. డాక్టరుగారు ఇందాకే తెనాలి పాసింజరెక్కారు. శుక్రవారం ఐదు దాటాక గెజిటెడ్ ఆఫీసరు దొరకడమంటే మాటలా? సోమవారం రండి."

"సోమవారానికి దేశం ఉండదు బాబూ," అంది రాజమ్మ. ఆవిడ చీర మీద బురద ఎండి పెళుసుగా రాలుతోంది. ఇరవై మూడుమంది అక్కడ ఎదురుచూస్తున్నారు. గోడ గడియారం ఐదూ యాభై రెండు.

ప్రేమకుమారి బల్లమీద చేతులు ఆనించి నిలబడింది. పున్నమ్మని ఎవరూ కాల్చలేకపోయారు, ఎవరూ పట్టుకోలేకపోయారు. ఇప్పుడు తన చేత్తో తనే చంపాలి. ఎండలూ, పెరటి వసారాలూ, 'ఓ గిన్నెలమ్మీ' అన్న పిలుపులూ అన్నీ ఇవాళ్టితో సరి. ఆ తర్వాత ఫైళ్ళు, దారాలు.

తలమీది చుట్టకుదురు తీసి కుట్లు పళ్ళతో తెంపింది. గుడ్డ పొరల్లోంచి మూడు సింహాల గుర్తున్న కార్డు జారి కౌంటరు మీద పడింది.

"ఆకుపచ్చ సిరా ఉందాండీ?"

గౌరీశంకరం కార్డు చూశాడు, బుట్ట చూశాడు, మనిషిని చూశాడు. కుర్చీలోంచి లేచాడు. "కూర్చోండి మేడమ్," అన్నాడు, ఆయన కూర్చోడం మర్చిపోయి. డ్రాయరు వెతికి ఆకుపచ్చ పెన్ను ఇచ్చాడు. ప్రేమకుమారి పూర్తి పేరు రాసింది. హోదా రాసింది. తేదీ వేసింది.

"మామ్మగారూ, అవును అన్న ఒక్క మాట చాలండి," అన్నాడు గౌరీశంకరం తంతి మీట ముందు కూర్చుంటూ. "ఇంత పొడుగ్గా రాశారేంటి?"

"నూటడెబ్బై ఏళ్ళు ఒక్క మాటా మాట్లాడనివ్వలేదు నాయనా. ఇవాళ నాలుగు ఎక్కువే పంపు."

మీట కొట్టుకుంది. *అవును. నా ఓటు అవును. ఇంక పడవెక్కం.*

ఐదూ యాభై ఎనిమిది. ఆరూ పదికి తంతి యంత్రం తనంతట తానే టకటకలాడింది. గౌరీశంకరం రాసుకుంటూ పోయి, కాగితం పైకెత్తి గట్టిగా చదివాడు. "ఐదూ యాభై తొమ్మిదికి చేరింది. ఇరవై నాలుగు. డ్రాఫ్టు పాసైంది. గవర్నరుగారు గది తలుపేసుకున్నారు."

రాజమ్మ ఏడుస్తుందేమోననుకుంది ప్రేమకుమారి. ఆవిడ పకపకా నవ్వి, బురద కొంగుతోనే మొహం తుడుచుకుని, "ఇక్కడ కాఫీ ఎక్కడ దొరుకుతుంది తల్లీ?" అంది. ఏసుపాదం ఆవిడ్ని తీసుకెళ్ళాడు.

ప్రేమకుమారి కూడా బుట్టెత్తుకోబోతుంటే గౌరీశంకరం దగ్గాడు. చేతిలో ఒక కవరు నలుపుకుంటున్నాడు.

"మేడమ్, మీరేమీ అనుకోనంటే... మావాడి మార్కుల లిస్టు కాపీలండి. మూడే. నెల్లాళ్ళుగా గెజిటెడ్ ఆఫీసరు కోసం తిరుగుతున్నాను."

ప్రేమకుమారి బుట్ట దించింది. నిట్టూర్చి ఆకుపచ్చ పెన్ను మూత తీసింది.

"ఒరిజినల్ ఏదండీ? అది చూడకుండా సంతకం పెట్టను."