స్మృతిమణి మూసిన కోపం

భ్రమరాంబ పొయ్యిమీంచి పప్పు దించుతుండగా చెవి వెనకున్న స్మృతిమణి సన్నగా మోగింది. తుఫాను కాకినాడను తాకింది. ఊరంతటికీ ఆకాశం నుంచి అందే విద్యుత్తు ఆగిపోయింది. మణి తన లోపలి చిన్న బ్యాటరీకి, అంటే ఆపద్ధర్మ విద్యుత్తుకి, మారింది.

విషజ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచి ఆవిడ జ్ఞాపకాలన్నీ ఆ మణే మోస్తోంది. ఆపద్ధర్మంలో దానికి రెండు నియమాలు. ఎక్కువ కరెంటు తాగే జ్ఞాపకాన్ని ముందు మూసెయ్యాలి. కరెంటు తిరిగొచ్చేదాకా కొత్తవేవీ రాసుకోకూడదు. రాస్తూ రాస్తూ ఆగితే పాతవి కూడా చెడతాయని తయారుచేసినవాళ్ల భయం. మంచి నియమాలే, పాపం. మనిషి దేనిమీద ఎక్కువ కరెంటు తగలేస్తుందో వాళ్లేం కలగన్నారు?

భర్త కామేశం మణి సంగతులు చూపే గోడమీది సూచిక వంక చూశాడు. పెళ్లిరోజు, వంటలు, తన పేరు, అన్నీ పదిలం. మూసింది ఒక్కటే: ఎదురింటి రాజ్యం మీది కోపం.

రాజ్యం భ్రమరాంబకి సొంత అక్క. ఆరేళ్ల కిందట మనవరాలి బారసాల బంతిలో, పదిమంది వింటుండగా, "నీ పనసపొట్టు కూరలో ఆవ చేదెక్కిందే" అంది. అంతే, ఆనాటి నుంచి మాటల్లేవు. ఎదురెదురు తలుపులు కూడానూ! భ్రమరాంబ లేచింది మొదలు ఆ మాటే నెమరేసేది. మణిలో మరి దేనికీ అంత ఖర్చు లేదు.

"ఏవండీ, అక్క ఒక్కత్తే ఉంటుంది కదా. ఈ గాలికి హడలి చస్తుందేమో, చూసొద్దాం రండి," అంది భ్రమరాంబ.

కామేశం చప్పుడు చేయకుండా వెనకే నడిచాడు. మాట్లాడితే ఎక్కడ చెడుతుందోనని భయం. ఆవిడే వెళ్లి తలుపు తట్టింది. తీసిన రాజ్యం కొయ్యబారిపోయింది. "అన్నం తిన్నావుటే అక్కా?" అని చెల్లెలు అడిగేసరికి ఏడుపు ఆపుకోలేకపోయింది.

కామేశం రాజ్యాన్ని పక్కకి పిలిచి సంగతి చెప్పాడు. "కరెంటొస్తే కోపం కూడా వచ్చేస్తుంది వదినగారూ. ఈ పూట జరిగింది మాత్రం మీ చెల్లెలికి గుర్తుండదు."

"రానివ్వండి మరిదిగారూ. ఈ ఒక్క పూటైనా నా చేత్తో దానికి పెట్టుకోనివ్వండి."

ఆ రోజు రాజ్యం వండుకున్నదీ పనసపొట్టు కూరే. భయంభయంగానే ఇద్దరికీ వడ్డించింది. భ్రమరాంబ ముద్ద నోట్లో పెట్టుకుంది. దీపాలు వెలిగాయి. మణి మోగింది.

ఆవిడ మొహం బిగుసుకుపోయింది. ఎదురుగా అక్క, ముందు కంచం, నోట్లో కూర. పప్పు దించడానికీ దీనికీ మధ్య ఏమీ లేదు.

"నేనిక్కడికెలా వచ్చాను? నేనే వచ్చానా?"

కామేశం రాజ్యం వంక చూశాడు. అవునంటే భ్రమరాంబ లేచి వెళ్లిపోతుంది. ఇక ఈ జన్మకి ఆ తలుపు తట్టదు.

"నువ్వెందుకొస్తావే? నేనే వచ్చి, కాళ్లావేళ్లా పడి తీసుకొచ్చాను," అంది రాజ్యం.

పచ్చి అబద్ధం. కాదనడానికి మణి దగ్గర ఏమీ రాసి లేదు. కామేశం తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు.

భ్రమరాంబ చాలాసేపు నమిలింది. మింగింది.

"ఆవ చేదెక్కింది," అంది. కంచం ముందుకు జరిపింది. "ఇంకాస్త వెయ్యి."